గిర్నీలో సొరచేప పళ్ళు

మొన్న మా పక్కింటి పిల్ల కాలేజీ వాళ్ళతో కలిసి విశాఖపట్నం చూసొచ్చింది. మెడలో నల్లతాడు, దానికి వేలాడుతూ కోసుగా ఉన్న తెల్లటి పన్ను. ‘‘సొరచేప పన్ను అంకుల్, బీచ్‌లో కొన్నా’’ అని తీసి నా చేతిలో పెట్టింది. పెట్టిందో లేదో నా బొటనవేలి గోరు దానంతటదే ఆ పన్ను అంచు వెంట మొన నుంచి మొదలు దాకా నడిచింది. గోటికి ఏమీ తగల్లేదు. తిరగేసి వేరు కోసం చూశాను. వేరుండాల్సిన చోట అచ్చుపోసిన గీత ఉంది. ప్లాస్టిక్ అన్నమాట. పిల్ల మొహం చూశాక ఆ మాట అనబుద్ధి కాలేదు. ‘‘బాగుందమ్మా, జాగ్రత్తగా దాచుకో’’ అని ఇచ్చేశాను.

ఇన్నేళ్ళుగా ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నవాణ్ణి. గోటితో పన్ను చూడాలని ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. అది నాకు బాన్సువాడలో గిర్నీ నడిపే ఒక మనిషి నేర్పిన విద్య. ఆ ఊరి నుంచి నిజామాబాదుకు బదిలీ అయి వచ్చి నాలుగేళ్ళు దాటింది. గంటన్నర బస్సు ప్రయాణం. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారన్నా పోయి ఆయన్ని పలకరించాలని తోచలేదు నాకు. నా బుద్ధి అలాంటిది. ప్లాస్టిక్ పన్ను పుణ్యమా అని ఆ ఆదివారమే బస్సెక్కాను. పోయాక ఏమైందో తర్వాత చెబుతాను. ముందు మీకు ఆయన్ని చూపించాలి.

గిర్నీ అంటే మా వైపు పిండిమర. తొంభైల నడుమ నేను బాన్సువాడ జూనియర్ కాలేజీలో కొత్తగా చేరినప్పుడు, కిరాయి ఇంటి ఓనరమ్మ ఐదు కిలోల గోధుమలు సంచిలో పోసి, ‘‘బజారు ఎన్క గల్లీల గిర్నీ ఉంటది, పట్టిచ్చుకొని రాపో సారూ’’ అని తోలింది. పోయి చూస్తే కనుబొమ్మలు, చెవులు, మీసం అన్నీ పిండితో తెల్లబడిపోయిన మనిషి. వయసు నలభయ్యో అరవయ్యో పోల్చుకోలేం. గోడ వెంట మూటలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. ఎవరిది ఏదో ఎట్లా తెలుస్తుందని అడిగాను.

‘‘ముడి జూస్తే తెల్వదా సార్? గిది కోటగిరి అవ్వది, రెండు చుట్లు తిప్పి కొసను లోపటికి దోపుతది. గిది మన చాయ్ హోటలాయనది, గట్టిగ గుంజి కడ్తడు, ఇప్పనీకె నా గోర్లు ఊడుతయి.’’ అని, నా సంచి మూతికి చుట్టిన సుతిలి తాడు చూసి నవ్వాడు. ‘‘నీదే కష్టం సార్. గది ముడి గాదు, చిక్కు.’’

నవ్వేటప్పుడు ఎడమచేయి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ముందరి పళ్ళు రెండు లేవు. కట్టుడు పళ్ళు పెట్టించుకోరాదా అని తర్వాత ఎన్నోసార్లు అన్నాను. ‘‘సొరచాప నయం సార్. ఊడుతనే ఉంటయి, మొలుస్తనే ఉంటయి. మనకు ఒక్కసారే ఇచ్చిండు దేవుడు. ఊడినయి ఊడినట్టే ఉండనీ’’ అనేవాడు.

గిర్నీలో ఆయనకో పద్ధతుండేది. ఒకరి గింజ ఇంకొకరి గింజతో కలవకూడదు. ఒకరి మూట అయిపోగానే చిన్న కట్టెతో మర డబ్బా మీద మూడు దెబ్బలు కొట్టి, లోపల అంటుకున్న చిటికెడు పిండి కూడా వాళ్ళ గిన్నెలోనే రాలేదాకా ఆగేవాడు. ఖాళీ అయిన గుడ్డను మడిచి వాళ్ళ గిన్నె మీదే పెట్టేవాడు. ఎవరూ చూడకపోయినా అంతే. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటే, ‘‘గింజ ఎవరిదో వాళ్ళదే గదా’’ అనేవాడు తప్ప తొందరపడేవాడు కాదు. నేను దాన్ని చాదస్తం అనుకున్నాను. అప్పుడే నేర్చుకొని ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

రెండోసారో మూడోసారో పోయినప్పుడు కరెంటు పోయింది. కూర్చొని ఉన్నాను. ఆయన మోటారు స్టార్టరు పక్కన అరమీది నుంచి పాలపొడి డబ్బా ఒకటి దించి, లోపలున్న గుడ్డమూటల్లో ఒకటి విప్పి, చిన్న రాయిలాంటిది తీసి గోటితో దాని అంచు రాస్తూ కూర్చున్నాడు. ఏంటన్నా అది అంటే, ‘‘సొరచాప పన్ను సార్. దుబాయిల సముద్రం ఒడ్డుకు దొరికింది’’ అని నా అరచేతిలో వేశాడు. నల్లగా, నున్నగా, చల్లగా ఉంది. మొన ఇప్పటికీ చర్మంలో దిగేట్టుంది. ఎమ్మెస్సీ దాకా సొరచేప బొమ్మలు గీసి గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. దాని పన్ను చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. సిగ్గేసింది.

మా వైపు ఏ గల్ఫు దేశం పోయినా దుబాయే అంటారు. ఈయన పోయిన చోట పని సముద్రపు ఇసుకను జల్లెడ పట్టడం. ఒడ్డున ఎర్రమన్ను గట్టుండేదట. అలలు కొట్టి దాన్ని కోసినప్పుడల్లా లోపలి పళ్ళు ఇసుకలోకి రాలేవట. శుక్రవారం సెలవు. ఒకే గదిలో ఉండే ఐదుగురు మనుషులు, ఖర్చులేని సరదా అదొక్కటే గనుక, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు వెంట వంగి నడుస్తూ పళ్ళు ఏరేవాళ్ళట. ఎవరికి ఎన్ని దొరికాయి, ఎవరిది పెద్దది అని పందేలు. వాటిని చూసి చూసి ఈయన పోల్చడం నేర్చుకున్నాడు. పుస్తకం లేదు, చెప్పినవాడు లేడు.

‘‘మొఖం జూసి గుర్తువట్టొద్దు సార్. మొఖం అన్నిటికి ఒక్కతీరే ఉంటది. ముందుగల్ల వేరు జూడు, ఎన్కసిరి అంచు జూడు’’ అనేవాడు. గోరు అంచు వెంట నడుస్తుంటే గరగరమంటే ఒక జాతి, జారిపోతే ఇంకో జాతి. అడ్డంగా వెడల్పుగా ఉంటే పైదవడది, కోసుగా సన్నగా ఉంటే కింది దవడది. వంపు ఎటుందో చూసి కుడిబుగ్గదో ఎడమబుగ్గదో చెప్పేవాడు. పేర్లన్నీ తనే పెట్టుకున్నాడు. సన్నగా పొడుగ్గా, మొదట్లో రెండువైపులా బుల్లి ముళ్ళున్నది ‘దబ్బనం’. అంచంతా పళ్ళుపళ్ళుగా ఒకవైపు వాలినది ‘కోడిజుట్టు’. నున్నటి అంచుతో వంగినది ‘కొడవలి’. అరచేయంత పెద్దది ఒకే ఒకటి చూశాడట, అదీ విరిగినది. దాని పేరు ‘నాగలికర్రు’. నేను నిజామాబాదు పోయి పాత పుస్తకాలు వెతికి వాటికి లాటిన్ పేర్లు పట్టుకొచ్చాను. ఆయన వేరు చేసిన జాతులూ, పుస్తకంలో వేరు చేసిన జాతులూ ఒక్కటంటే ఒక్కటి తేడా రాలేదు. ఇవి రాయిగా మారిన పళ్ళు, కోటి ఏళ్ళ కిందటివైనా కావచ్చు అని చెబితే చేతిలో పన్నును అటూఇటూ తిప్పి చూశాడు. ‘‘గన్నేండ్లు ఉంటదా సార్, సముద్రంల పోయినది?’’ అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకడిగాడో నాకప్పుడు తెలియదు.

ఆయన గురించి రెండు సంగతులు నాకు అంతుపట్టేవి కావు. ఒకటి నీళ్ళు. వానాకాలం నిజాంసాగర్ గేట్లు ఎత్తారంటే బాన్సువాడలో సగం ఊరు బండ్లు కట్టుకొని చూడబోయేది. ఎంత పిలిచినా ఈయన రాడు. కాలువ దగ్గర స్నానం కూడా చేయడు. రెండోది ఆమె.

నస్రుల్లాబాద్ అవతల ఒక తండా నుంచి పదిహేను రోజులకోసారి జొన్నల మూట నెత్తిన పెట్టుకొని ఒకామె వచ్చేది. చిన్న వయసే. మోచేతుల పైదాకా తెల్లగాజులు. ఆమె గడప ఎక్కుతుండగానే ఈయన, మరలో గింజ లేకపోయినా సరే, మోటారు ఆన్ చేసేవాడు. ఆ చప్పుడులో మాట వినబడదు. ఆమె ఓపిగ్గా నిలబడేది. మోటారు ఆగాక ఒకే మాట అడిగేది. 

‘‘అన్నా, ఏమన్న కబురు తెల్సెనా?’’

‘‘ఏం లేదమ్మా. మస్కట్ దిక్కు ఉన్నడని ఒకతను అన్నడు. ఫికర్ జెయ్యకు.’’

ఆమె తలూపి పిండి ఎత్తుకొని పోయేది. ఆమె ఎవరన్నా అని అడిగితే, తన దోస్తు పెండ్లామని, అతను పనిచేసేచోటు విడిచి పారిపోయాడని, కాగితాల్లేకుండా ఎక్కడో దాక్కొని పనిచేస్తున్నాడని చెప్పాడు. అలాంటి వాళ్ళు మా జిల్లాలో ప్రతి ఊళ్ళో ఉంటారు గనుక నేను మళ్ళీ అడగలేదు.

ఇక నా ఘనకార్యం. ఆ ఏడు కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టాం. డబ్బా నాలుగు రోజులు ఇవ్వన్నా అని అడిగాను. ఆయన డబ్బా దించి, ‘‘తీస్కపో సార్, పోరగాండ్లు జూస్తరు’’ అని ఇచ్చాడు. ఇంకేమీ చెప్పలేదు. గిర్నీ మనిషికి అది చెప్పాల్సిన మాట అని తోచదు. డబ్బాలో ఐదు మూటలున్నాయి. ఐదు రంగుల గుడ్డలు, ఐదు రకాల ముడులు. నేను, చదువుకున్నవాణ్ణి, ఐదింటినీ విప్పి ప్రయోగశాల బల్ల మీద ఒకే కుప్పగా పోశాను. గుడ్డలు ఒక మూల పడేశాను. రెండు రోజులు కూర్చొని జాతుల వారీగా వేరు చేసి, పెద్ద అట్ట మీద తీగతో కట్టి, కింద ఎర్రసిరాతో లాటిన్ పేర్లు రాశాను. ప్రిన్సిపాల్ భుజం తట్టాడు. ఆ అట్ట చంకన పెట్టుకొని, ఆయన చూసి మురిసిపోతాడని గిర్నీకి పోయాను.

ఆయన అట్టను చూశాడు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. అప్పుడు అడిగాడు.

‘‘మూటలేవి సార్?’’

గుడ్డలున్నాయన్నా, తెస్తానన్నాను. గుడ్డల సంగతి కాదని తెలుస్తూనే ఉంది. ఆయన మోటారు ఆపేసి పిండి మీదే కూలబడ్డాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ‘‘ఎవరివి వాళ్ళయి గద సార్ గవి’’ అన్నాడు.

ఐదుగురి మూటలవి. ముగ్గురు ఎక్కడెక్కడికో పోతూ ఈయన చేతిలో పెట్టిపోయారు. ఒకటి ఈయనది. ఐదోది, ఎర్రగుడ్డకు అద్దాలు కుట్టిన మూట, ఆ దోస్తుది. ఆమె భర్తది. అతను పారిపోలేదు.

ఒక శుక్రవారం నీళ్ళు తగ్గినప్పుడు, ఒడ్డుకు దూరంగా లేచిన ఇసుకదిబ్బ మీద నాగలికర్రులు దొరుకుతాయని ఈయనే అన్నాడట. దోస్తు ముందు నడిచాడు. ఈయన చెప్పు తెగి వెనకబడ్డాడు. సముద్రం ఎదురుగా రాదు, వెనక నుంచి చుట్టి వస్తుంది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీళ్ళు నిండాయి. ‘‘చెయ్యెత్తి పిలిచిండు సార్. నాకు ఈత రాదు. ఒర్రుకుంట నిలవడ్డ’’ అన్నాడు. శవం దొరకలేదు. మనిషి పోయాడని రాస్తే లెక్కలు, విచారణలు వస్తాయని అక్కడి కంపెనీ పెద్దలు పారిపోయాడని కాగితం రాశారు. కింద సాక్షి సంతకం ఈయనది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరుంది, ఇంటి మీద అప్పుంది, చేశాడు. ఊరికొచ్చాక మొదటిరోజే తండాకు పోయి మూట చేతిలో పెట్టి నిజం చెప్పాలనుకున్నాడు. పోయేసరికి ఆమే నవ్వుతూ ఎదురొచ్చి, ఎక్కడున్నడన్నా అని అడిగిందట. నోటికి మస్కట్ వచ్చింది.

‘‘మూట సేతుల వెట్టి చెప్తే నోరు లేస్తదనుకున్న సార్. వట్టి సేతులతోని ఎట్ల చెప్త?’’ అన్నాడు.

నేను నా నెత్తి నేనే కొట్టుకున్నాను. గుడ్డలు మా అటెండరు బల్లలు తుడవడానికి తీసుకుంటే వాడి వెంటపడి ఐదూ వెనక్కి తెచ్చాను, సబ్బుపెట్టి ఉతికి ఇచ్చాను. పళ్ళను అట్ట మీద నుంచి ఊడబీకి డబ్బాలో పోశాను. అప్పటి నుంచి మొదలైంది ఆయన రెండో విద్య. ఏ సొరచేపదో కాదు, ఏ మనిషి ఏరిందో పోల్చడం.

‘‘గీ విరిగింది ఆయినది గాదు. ఆయిన విరిగినది ఇసిరేసేటోడు’’ అనేవాడు. ‘‘ఆయినకు దబ్బనాలంటే పానం. గివి ఆయినయే అయితయి.’’ దోస్తు ఎప్పుడూ తడి ఇసుక మీదే నడిచేవాడట, మిగతావాళ్ళు పొడి ఇసుక మీద. తడిలో దొరికినవాటికి నిగారింపు ఎక్కువ, పొడిలో ఎండినవి కొంచెం తెల్లబారతాయి అని అదొక లెక్క. నేను కాలేజీ భూతద్దం తెచ్చి పెట్టాను. ఆదివారం ఆదివారం పోయి పక్కన కూర్చునేవాణ్ణి. ఒకవారం ఎర్రగుడ్డలోకి చేరిన పన్ను మరుసటి వారం మళ్ళీ బయటికొచ్చేది. ఇంకో వారం మళ్ళీ లోపలికి. 

అట్లా ఎన్నాళ్ళు గడిచాయనుకుంటున్నారు? మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఆమె పదిహేను రోజులకోసారి వస్తూనే ఉంది, అడుగుతూనే ఉంది, మోటారు తిరుగుతూనే ఉంది. చేసిన తప్పు దిద్దుతున్నానన్న సంతోషంలో నాకది కనబడలేదు. కనబడినా పైకి అనలేదేమో. ఆ డబ్బా ముందు కూర్చున్నంతసేపు ఆయనా సుఖంగా ఉండేవాడు, నేనూ ఉండేవాణ్ణి. పళ్ళు వేరుకావడం అయిపోతే చెప్పాల్సి వస్తుంది. అందుకే అవి వేరు కాలేదు. ఇప్పుడు రాస్తుంటే ఇంత తేలిగ్గా తెలుస్తున్నది అప్పుడెందుకు తెలియలేదో, నా చదువు తగలెయ్య.

ఒక ఆదివారం ఆమె వచ్చింది. ఆ రోజు జొన్నల మూట దించి, మోటారు ఆగేదాకా ఉండలేదు. ఆయన చెయ్యి స్టార్టరు మీదికి పోతుంటే, ‘‘జర ఆగన్నా. ఒక ముచ్చట అడగాలె’’ అంది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

‘‘కోటగిరి దిక్కు తండల ఒకాయన ఉన్నడు. పెండ్లాం సచ్చిపోయింది. ఇద్దరు పోరగాండ్లు. నన్ను జేసుకుంటనని పెద్దమనుషులను తోలిండు. మంచోడే అంటుండ్రు. మా అమ్మ ఒప్పుకోమని ఏడ్సింది. మస్కట్ల ఉన్నడని నువ్వు జెప్పినవ్ గదన్నా, మొగుడు బతికుండంగ ఎట్ల జేసుకుంటనని నేనే వాపసు తోలిన. మంచిగనే జేసిన్నా?’’

గిర్నీలో మేం ముగ్గురమే ఉన్నాం. బయట గల్లీలో ట్రాక్టరు పోయింది. ఆయన స్టార్టరు మీది నుంచి చెయ్యి తీశాడు. 

‘‘ఆయిన లేడమ్మా’’ అన్నాడు.

ఆమె అర్థం కానట్టు నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆయన చెప్పాడు. దిబ్బ సంగతి, అటు పొమ్మన్నది తనేనన్న సంగతి, ఒడ్డున నిలబడి అరిచిన సంగతి, కాగితం మీద సంతకం సంగతి. ఒక్కటీ దాచలేదు, ఒక్కచోట కూడా తనను వెనకేసుకురాలేదు. గోడవైపు చూస్తూ చెప్పాడు. ఆమె అడ్డం రాకుండా విన్నది.

‘‘ఎన్నడు?’’ అంది.

‘‘దసరాకు నువ్వు మాటలు నింపి క్యాసెట్ పంపినవ్ గదా. గది రెండుసార్లు ఇన్నడు. దాని ఎన్క వచ్చిన శుక్కురారం.’’

ఆమె ఏళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒక చేయి అయిపోయి రెండో చేతికి వచ్చింది. 

‘‘గప్పుడు నాకు ఇరవై రెండేండ్లన్నా’’ అంది.

ఆయన అర మీది నుంచి డబ్బా దించి, ఎర్రమూట తీసి, ఆమె ముందు విప్పాడు. ‘‘గివి ఆయినవి. అన్నీ ఆయినవే అని జెప్పలేను. కొన్ని గలిసిపోయినయి. గవి ఏరుకుంట ఏరుకుంటనే గిన్నొద్దులైంది’’ అన్నాడు. కలిపింది నేనని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ మాట ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను.

ఆమె ఆ పళ్ళను చూడలేదు. గుడ్డ కొస పట్టుకొని ఎత్తి వాటిని తక్కెడ పళ్ళెంలోకి జారవిడిచింది. గుడ్డను మాత్రం వెలుతురుకు పెట్టి చూసింది. ఒక అద్దం ఊడిన చోట వేలు పెట్టింది.

‘‘గిది నా పెండ్లి రవికెల ముక్క. పోయేటప్పుడు నేనే కుట్టిచ్చిన. ఎప్పటిసంది ఉందన్నా గిది నీ తాన?’’

‘‘వచ్చినప్పటిసంది.’’

‘‘గిది జూపిస్తె సాలకపోవునా అన్నా? పండ్లెందుకు?’’

ఆమె గుడ్డను నడుములో దోపుకొని, పట్టించని జొన్నల మూటను మళ్ళీ నెత్తికెత్తుకొని వెళ్ళిపోయింది. ఎత్తడానికి సాయం పట్టబోతే వద్దని తల అడ్డంగా ఊపింది. ఏడవలేదు, తిట్టలేదు. వారం తర్వాత తండాలో ఆమె గాజులు తీశారని హోటలాయన చెప్పాడు. ఇంకొన్నాళ్ళకు, కోటగిరి వైపు ఆ మనిషికి వేరే సంబంధం కుదిరిందని కూడా ఆయనే చెప్పాడు. ఆ వార్త గిర్నీ మనిషి కూడా విన్నాడు. ఆ రోజు ఎవరి మూటో ఇంకెవరి గిన్నెలోకో పట్టేశాడు. గల్లీలో అందరూ వింతగా చెప్పుకున్నారు.

ఆమె మళ్ళీ ఆ గిర్నీకి రాలేదు. ఆయన డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, ‘‘ఇగ నీ ఇష్టమున్నట్టు పేర్లు వెట్టుకో సార్’’ అన్నాడు. పళ్ళను మళ్ళీ అట్టకు కట్టాను, బాన్సువాడ కాలేజీలో ఇప్పటికీ ఆ అట్ట గోడకుంది. చూసినవాళ్ళు బాగుందంటారు. నాకు దాని వైపు చూడాలంటే ఒళ్ళు మండేది. ఆ తర్వాత నేనున్న రెండు మూడేళ్ళలో ఆయన బొటనవేలి గోరు దేని అంచు మీదా నడవగా నేను చూడలేదు. మూటలు విప్పేవాడు, పట్టేవాడు, కట్టెతో మూడు దెబ్బలు కొట్టేవాడు. నవ్వు రాదు గనుక చేయి నోటికి అడ్డం పెట్టుకునే పనే ఉండేది కాదు. బదిలీ కాగితం వచ్చినప్పుడు చెప్పిపోదామని వెళ్తే, ‘‘పోయిరా సార్. ముడి ఎయ్యడం నేర్చుకో’’ అన్నాడు. అవే చివరి మాటలవుతాయని ఎవరనుకున్నారు.

ఇప్పుడు ఆదివారం సంగతి. బాన్సువాడలో దిగి గల్లీలోకి తిరిగేసరికి గిర్నీ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం కనబడింది. లోపల ఒక కుర్రవాడు ఫోను తెరిచి మరలు విప్పుతున్నాడు. చాయ్ హోటలాయన నన్ను గుర్తుపట్టి బల్ల మీద కూర్చోబెట్టాడు.

‘‘రెండు నెలలాయె సారూ. నీకెవ్వలు చెప్పలేదా? జరం అని దవాఖానకు తోల్కపోయిండ్రు, మూడొద్దులకే అయిపోయింది.’’

నాకెవరు చెబుతారు? నేనెవరికి ఏం చెప్పి వచ్చాను గనుక. చాయ్ చల్లారిపోయింది. తర్వాత ఒక మాట అడిగాను. తండాలో ఆమెకు తెలుసా అని. హోటలాయన తువ్వాలతో బల్ల తుడుస్తూ, ‘‘గంత దూరం ఎవ్వలు పోతరు సారూ, ఆమెకెందుకు చెప్పుతరు? సుట్టమా పక్కమా’’ అన్నాడు.

లేచి వెంటనే నస్రుల్లాబాద్ వైపు పోయే ఆటో ఎక్కాను. ఎక్కాక భయమేసింది. ఆమె మొహం మీద ఏం చెప్పాలి, వినడం ఆమెకు ఇష్టమో కాదో, ఇంకా ఆ పేరెత్తితే ఊరుకుంటుందో లేదో. రెండుసార్లు దిగిపోదామనుకున్నాను. దిగలేదు. రోడ్డు మీద దిగి పొలాల మధ్య నడిచి తండా చేరాను. అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో మక్కజొన్న గింజలు ఎండబోసి కాలితో కలుపుతున్నది. నెరిసిన వెంట్రుకలు, బోసి చేతులు. ముందు గుర్తుపట్టలేదు. తర్వాత, ‘‘గిర్నీ కాడి సారు గదా నువ్వు’’ అంది.

ఆ మాట చెప్పడానికి నీళ్ళు నమలొద్దని దారంతా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ‘‘గిర్నీ అన్న పోయాడమ్మా. రెండు నెలలైంది’’ అన్నాను.

కలుపుతున్న కాలు ఆగిపోయింది. నేరుగా ఇంటి పక్కన తొట్టి దగ్గరికి పోయి, బిందె ముంచి, కట్టుబట్టతోనే నెత్తిన కుమ్మరించుకుంది. ఒకటి, రెండు, మూడు బిందెలు. చావు కబురు విన్నప్పుడు సొంతవాళ్ళు పోసుకునే స్నానం అది. పక్కింటామె బయటికొచ్చి ఎవరు పోయారని అడిగింది. ‘‘మా అన్న’’ అంది ఈమె. 

తడిచీర పిండుకుంటూ నా దగ్గరికొచ్చింది. 

‘‘నీకెన్నడు తెల్సింది సారూ?’’

‘‘ఇవాళే. గంట అవుతుంది.’’

‘‘గంట’’ అంది. కళ్ళ మీది నీళ్ళు తుడుచుకోకుండా నన్నే చూసింది. ‘‘గంటలనే వచ్చి చెప్పినవ్ సారూ.’’